జలశిల్పి – డాక్టర్ కె.ఎల్. రావు

విజయవాడ నుండి బందరుకు వెళ్ళే రహదారి మీద మొదట కంకిపాడు, ఆ తరువాత ఉయ్యూరు వస్తాయి. దారికి ఇరువైపులా వరిచేలు, చెరకు తోటలు కనులకు విందు చేస్తాయి. ఈ పచ్చదనమంతా కృష్ణా కాలువల చలువ. కాలువలు లేని రోజుల్లో ఈ ప్రాంతపు స్థితి వేరు. 1832-33 సంవత్సరాలలో గుంటూరు సీమను కబళించిన కరువులో, నది పక్కనే పారుతున్నా జనం ఆకలితో అలమటించి మరణించారు. నీరు కళ్ళ ముందు నుండే సముద్రంలో కలిసిపోయింది. ఆ నీటిని పొలాలకు మళ్ళించే సాధనం మాత్రం లేకపోయింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాతనే డెల్టా అన్నపూర్ణ అయింది.

అయితే కాలువ రాగానే కష్టాలన్నీ తీరిపోలేదు. నీరు వచ్చిన చోటికే వంతుల సమస్య కూడా వచ్చింది. కాలువ మొదట్లో ఉన్న రైతు తూము తలుపును కొంచెం ఎక్కువ ఎత్తితే, శివారు భూముల్లో నారు ఎండుతుంది. వంతు తప్పిందంటే, నిన్నటి వరకు అన్నదమ్ముల వలె మెలగినవారు నేడు కాలువ గట్టు మీద కర్రలు పట్టుకొని నిలుస్తారు. రెండు పొలాల మధ్య కనిపించే ఈ చిన్న తగవే రెండు రాష్ట్రాల మధ్య న్యాయస్థానపు వ్యాజ్యంగా మారుతుంది. రెండు దేశాల మధ్య అయితే శాంతిభద్రతల సమస్యగానే పరిణమిస్తుంది. ఈ మూడు స్థాయిలలోనూ నీటి సమస్యను దగ్గరగా చూసి, దాని పరిష్కారానికి జీవితాన్ని అంకితం చేసిన తెలుగు ఇంజనీరు డాక్టర్ కానూరి లక్ష్మణరావు. దేశమంతా ఆయనను కె.ఎల్. రావుగా ఎరుగును.

లక్ష్మణరావుగారు 1902వ సంవత్సరం జూలై 15వ తేదీన కృష్ణా జిల్లా కంకిపాడులో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. తొమ్మిదేళ్ళ ప్రాయంలోనే తండ్రిని కోల్పోయారు. పాఠశాలలో ఆడుకొంటున్నప్పుడు తగిలిన గాయం వలన ఒక కంటి చూపు పోయింది. తండ్రి అండ లేని బాలునికి, అందునా ఒంటికంటి చూపు గల బాలునికి, చక్కటి గీతలు గీయడమే ప్రధానమైన ఇంజనీరింగు విద్య అందని పండనిపించడం సహజం. కాని ఆయన ఆ లోపాన్ని తన దారికి అడ్డు రానీయలేదు. మద్రాసులో ఇంటర్మీడియట్ చదివి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టభద్రులయ్యారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టాను పొందిన తొలి విద్యార్థి ఆయనే.

కొంతకాలం బర్మాలోని రంగూనులో ఆచార్యులుగా పనిచేసిన తరువాత ఆయన ఇంగ్లండు వెళ్ళి, 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. అక్కడ కొంతకాలం బోధన సాగించి, కట్టడాల నిర్మాణశాస్త్రం మీద, ఇనుప ఊచలతో బలపరచిన కాంక్రీటు మీద ఒక గ్రంథాన్ని రచించారు. విదేశంలో స్థిరపడి సుఖంగా జీవించే అవకాశం ఉన్నా స్వదేశానికి తిరిగివచ్చి, మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ల ఇంజనీరుగా చేరారు. 1950లో ఢిల్లీకి వెళ్ళి డిజైన్ల విభాగానికి డైరెక్టరయ్యారు. 1954లో చీఫ్ ఇంజనీరు పదవిని అందుకొన్నారు. అనంతరం కేంద్ర జల, విద్యుచ్ఛక్తి సంఘంలో సభ్యులై, డిజైన్లు, పరిశోధన విభాగాల బాధ్యతను స్వీకరించారు.

అది కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశం తిండిగింజల కోసం విదేశాల వైపు చూస్తున్న కాలం. భారీ ఆనకట్టలే ఆకలికి మందు అని పాలకులు, ప్రజలు విశ్వసించారు. కృష్ణా నదికి సంబంధించిన ఒక పెద్ద వివాదం కూడా ఆ కాలంలోనే తలెత్తింది. కృష్ణా జలాలను పెన్నా పరీవాహక ప్రాంతం మీదుగా దక్షిణానికి తరలించే కృష్ణా–పెన్నారు పథకాన్ని నాటి మద్రాసు ప్రభుత్వం తలపెట్టింది. ఆ పథకం అమలైతే దిగువన ఉన్న తమ భూముల గతి ఏమవుతుందోనని ఆంధ్ర రైతాంగం ఆందోళన చెందింది. ముక్త్యాల రాజా మొదలైన పెద్దలు నందికొండ వద్ద ఆనకట్ట కట్టవలెనని పట్టుబట్టారు. కేంద్ర ప్రభుత్వం నియమించిన ఖోస్లా సంఘం 1952లో పరిశీలన జరిపి నందికొండ వైపే మొగ్గు చూపింది. అదే సంవత్సరం బెజవాడలోని పాత ఆనకట్టకు గండి పడడంతో, నీటి భద్రత ఎంత సున్నితమైనదో డెల్టా ప్రజలకు మరొకసారి తెలిసివచ్చింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజి నిర్మాణమైంది.

నందికొండ పథకమే నాగార్జునసాగర్‌గా రూపుదాల్చింది. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడలేదు. కృష్ణకు కుడి ఒడ్డున ఉన్న గుంటూరు జిల్లా ఆంధ్ర రాష్ట్రంలో, ఎడమ ఒడ్డున ఉన్న నల్లగొండ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. అనగా నదియే రెండు రాష్ట్రాలకు సరిహద్దు. రెండు వేర్వేరు ప్రభుత్వాలు, ఒకే నది మీద, ఒకే ఆనకట్టను ఉమ్మడిగా తలపెట్టాయి. కుడి కాలువ ఒకరికి, ఎడమ కాలువ మరొకరికి అనే ఏర్పాటుతో పొరుగు రాష్ట్రాలు చేయి చేయి కలిపాయి. నీటిని పంచుకోవడం కలహానికే కాక కలయికకు కూడా కారణం కాగలదని ఆ శంకుస్థాపన నిరూపించింది.

ఈ ఆనకట్ట రూపకల్పనలో రావుగారి ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. పెద్ద ఆనకట్టలను కాంక్రీటుతో, యంత్రాల సాయంతో కట్టడం నాటి ప్రపంచంలో పరిపాటి. అయితే ఆ రోజుల్లో దేశంలో సిమెంటుకు కొరత ఎక్కువ. యంత్రాలను కొనడానికి విదేశీ మారకద్రవ్యం చాలదు. రాయికి, రెక్కల కష్టానికి మాత్రం కొదవ లేదు. అందుచేత నాగార్జునసాగర్‌ను రాతికట్టడంగా నిర్మించడమే మేలని ఆయన వాదించారు. ఆ వాదమే నెగ్గింది. వేలాది కూలీలు రాయి మీద రాయి పేర్చి, సుమారు 124 మీటర్ల ఎత్తున, 26 గేట్లతో ఆ మహానిర్మాణాన్ని నిలబెట్టారు. ప్రపంచంలోని అతి పెద్ద రాతి ఆనకట్టలలో అది ఒకటిగా ఖ్యాతి గడించింది. తొలి రూపకల్పన ప్రకారం దాని నిల్వ సామర్థ్యం 408 టి.ఎం.సి.లు. 1967 ఆగస్టు 4వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. స్థానిక వనరులను, స్థానిక శ్రమను నమ్ముకొన్న ఇంజనీరు ఆలోచన ఆ విధంగా ఫలించింది.

నీటి లెక్కలలో తరచుగా వినిపించే రెండు కొలతలను ఇక్కడ తెలుసుకోవడం అవసరం. ఒక సెకను కాలంలో ఒక ఘనపుటడుగు నీరు ప్రవహిస్తే దానిని క్యూసెక్కు అంటారు. ఇది పారే నీటికి కొలత. వంద కోట్ల ఘనపుటడుగుల నీటిని ఒక టి.ఎం.సి. అంటారు. ఇది నిలిచిన నీటికి కొలత. ఒక కాలువలో సుమారు 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా పారితే ఒక టి.ఎం.సి. అవుతుంది. ఈ లెక్కలు పామరులకు కూడా అర్థమయ్యేలా చెప్పడం రావుగారి ప్రత్యేకత. ప్రజాజీవితంలో అడుగుపెట్టిన తరువాత కూడా ఆయన మాట ఎప్పుడూ నీటి చుట్టూనే తిరిగేది. ఆయన ఆంగ్లంలో రచించిన స్వీయచరిత్రకు ‘ది క్యూసెక్స్ కాండిడేట్’ అని పేరు పెట్టుకోవడమే దానికి నిదర్శనం.

ప్రభుత్వోద్యోగాన్ని ముగించిన తరువాత, 1962లో ఆయన విజయవాడ నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1967లోను, 1971లోను అదే నియోజకవర్గ ప్రజలు ఆయనను తిరిగి గెలిపించారు. 1963లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. అదే సంవత్సరం జూలై 20వ తేదీన నెహ్రూ మంత్రివర్గంలో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖకు మంత్రిగా ప్రమాణం చేశారు. నాలుగు రోజుల తరువాత, జూలై 24న, శ్రీశైలం ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. అనంతరం లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ మంత్రివర్గాలలో కూడా రావుగారు సేవలందించారు. సుమారు పదేళ్ళ కాలం ఆయన ఆ శాఖతో ముడిపడి ఉన్నారు. బల్ల మీద పటం పరచుకొని ఆనకట్టకు రూపమిచ్చిన వ్యక్తి, ఆ ఆనకట్ట వెనుక నిలిచిన నీరు ఎవరికి ఎంత అని తేల్చవలసిన స్థానానికి చేరుకొన్నారు.

ఆ స్థానం పూలపానుపు కాదు. ఆనకట్టకు పునాది ఎంత లోతున ఉండాలో గణితశాస్త్రం చెబుతుంది. ఒక రాష్ట్రానికి ఎంత నీరు న్యాయమో చెప్పడానికి గణితం ఒక్కటే చాలదు. 1951లో జరిగిన అంతర్రాష్ట్ర సమావేశంలో కృష్ణా జలాలను పంచిన తీరు 1956లో రాష్ట్రాల సరిహద్దులు మారడంతో వివాదాస్పదమైంది. మహారాష్ట్ర, మైసూరు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు తమ తమ వాదాలను వినిపించాయి. ఎగువన ఉన్నవారు తమ గడ్డ మీద కురిసిన వాన మీద తమకే హక్కు అన్నారు. దిగువన ఉన్నవారు శతాబ్ద కాలంగా తాము వాడుకొంటున్న నీటికి భంగం కలుగరాదన్నారు. ఇరుపక్షాల వాదాలలోనూ కొంత న్యాయం ఉంది. కేంద్రంలో నీటిపారుదల మంత్రి డెల్టాలో పుట్టిన తెలుగువాడు. ఆయన ఏ నిర్ణయం చేసినా, తనవారి పక్షం వహించారని ఎగువవారు, తనవారికి అన్యాయం చేశారని దిగువవారు అనుకొనే అవకాశం ఉంది.

ఇటువంటి సందర్భంలో వ్యక్తి తీర్పు కంటే వ్యవస్థ తీర్పు మేలు. 1956 నాటి అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం ప్రకారం, 1969 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం న్యాయమూర్తి ఆర్.ఎస్. బచావత్ అధ్యక్షతన కృష్ణా జలవివాదాల ట్రైబ్యునల్‌ను నియమించింది. గోదావరి, నర్మద నదులకు కూడా ఆ సంవత్సరమే ట్రైబ్యునళ్ళు ఏర్పడ్డాయి. రావుగారు మంత్రిగా ఉన్న కాలంలోనే ఈ మూడు నదుల తగవులు రాజకీయ వేదికల నుండి న్యాయపీఠాల ముందుకు చేరాయి. కృష్ణలో నూటికి డెబ్బయి అయిదు సంవత్సరాలు తప్పక లభించే నీరు 2,060 టి.ఎం.సి.లని బచావత్ ట్రైబ్యునల్ లెక్క కట్టింది. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.లు కేటాయిస్తూ 1973 డిసెంబరులో తీర్పు వెలువరించింది. వీటికి తోడు, పొలాల నుండి నదిలోకి తిరిగి చేరే నీటిలో కొంత భాగాన్ని కూడా పంచింది. పాత వినియోగాన్ని గౌరవిస్తూ కృష్ణా డెల్టాకు 181.2 టి.ఎం.సి.లను గుర్తించింది. ఉయ్యూరు చెరకు తోటకు, కంకిపాడు వరిచేనుకు దక్కిన చట్టబద్ధమైన భరోసా ఈ అంకెలోనే ఇమిడి ఉంది.

దేశంలోపల వివాదాలు ఈ విధంగా ఉండగా, సరిహద్దుల అవతల సమస్యలు మరింత జటిలమైనవి. దేశ విభజన సింధు నదీ వ్యవస్థను రెండుగా చీల్చింది. తలుపులు ఒక దేశంలో, తడిసే పొలాలు మరొక దేశంలో మిగిలాయి. 1948 ఏప్రిల్‌లో కాలువలకు నీరు ఆగడంతో రెండు దేశాల మధ్య ఉద్రిక్తత పెరిగింది. ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో సుదీర్ఘమైన చర్చలు జరిగి, 1960 సెప్టెంబరు 19న కరాచీలో నెహ్రూ, అయూబ్‌ఖాన్ సింధు జలాల ఒప్పందం మీద సంతకాలు చేశారు. రావి, బియాస్, సట్లెజ్ నదులు భారతదేశానికి, సింధు, జీలం, చీనాబ్ నదుల జలాలు ప్రధానంగా పాకిస్తాన్‌కు దక్కాయి. ఆ చర్చలలో భారత ప్రతినిధివర్గానికి నాయకత్వం వహించిన ఎన్.డి. గుల్హాటీయే తరువాత కృష్ణా, గోదావరి జలాలను పరిశీలించిన సంఘానికి అధ్యక్షులు కావడం గమనార్హం. సింధు తీరాన గడించిన అనుభవం ఆ విధంగా కృష్ణా తీరానికి చేరింది.

1965లో భారత్, పాకిస్తాన్‌ల మధ్య యుద్ధం జరిగినప్పుడు రావుగారు నీటిపారుదల మంత్రిగా ఉన్నారు. తుపాకులు మోగుతున్నా ఒప్పందం నిలిచింది. పాకిస్తాన్‌లో నిర్మించే కాలువల నిమిత్తం భారతదేశం చెల్లించవలసిన వార్షిక వాయిదా కూడా ఆగలేదు. 1971, 1999 సంవత్సరాల యుద్ధాలను కూడా ఆ ఒప్పందం తట్టుకొంది. అయితే ఏ ఒప్పందమూ నమ్మకం కంటే బలమైనది కాదు. పహల్గామ్‌లో ఉగ్రవాదులు అమాయకులను హతమార్చిన తరువాత, 2025 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని నిలుపుదలలో ఉంచుతున్నట్లు ప్రకటించింది. నీటి పంపకం భద్రతతో ఎంతగా పెనవేసుకొని ఉంటుందో ఈ పరిణామం చాటింది.

తూర్పున గంగానది మీద నిర్మించిన ఫరక్కా బ్యారేజి రావుగారు ఎదుర్కొన్న సమస్యలలో మరొకటి. హుగ్లీ నదిలో ఒండ్రు పేరుకొని కలకత్తా రేవుకు ఓడలు రావడం కష్టమైంది. గంగ నుండి 40,000 క్యూసెక్కుల వరకు నీటిని హుగ్లీకి మళ్ళించి ఆ ఒండ్రును కడిగివేయాలన్నది ఈ పథకం ఉద్దేశం. 1961లో మొదలైన నిర్మాణం రావుగారి మంత్రిత్వ కాలమంతటా సాగి, 1975లో వినియోగంలోకి వచ్చింది. కలకత్తాకు ప్రాణం పోసే నీరు దిగువన ఉన్న తూర్పు పాకిస్తాన్‌కు వేసవిలో కొరత తెస్తుందన్న భయం మొదటి నుండీ ఉండేది. 1971లో బంగ్లాదేశ్ స్వతంత్ర దేశమైన తరువాత ఈ సమస్యను మిత్రభావంతో పరిష్కరించుకొనే అవకాశం వచ్చింది. 1972లో రెండు దేశాలు కలిసి సంయుక్త నదీ సంఘాన్ని ఏర్పాటు చేసుకొన్నాయి. నదుల వివరాలను ఇరుపక్షాల ఇంజనీర్లు ఒకే బల్ల వద్ద కూర్చొని పరిశీలించే సంప్రదాయానికి అది నాంది పలికింది.

అయినా ఆ సమస్య సులభంగా తెగలేదు. 1976 మే నెలలో మౌలానా భాషానీ నాయకత్వంలో బంగ్లాదేశ్ ప్రజలు ఫరక్కాకు వ్యతిరేకంగా పెద్ద పాదయాత్ర జరిపారు. ఆ దేశం ఈ విషయాన్ని ఐక్యరాజ్యసమితి వరకు తీసుకువెళ్ళింది. 1977లో అయిదేళ్ళకు ఒక ఒడంబడిక, 1996 డిసెంబరు 12న ముప్పయి ఏళ్ళకు మరొక ఒడంబడిక కుదిరాయి. జనవరి నుండి మే వరకు ఫరక్కా వద్ద 70,000 క్యూసెక్కులు, లేదా అంతకంటే తక్కువ నీరు ఉంటే చెరిసగం పంచుకోవాలని రెండవ ఒడంబడిక నిర్దేశించింది. ఎండాకాలంలో లోటును ఇద్దరూ సమంగా భరించాలన్న ఈ సూత్రం డెల్టా రైతులు వంతులు వేసుకొనే పద్ధతికి దూరమైనది కాదు.

రావుగారి ఆలోచనలన్నీ నెరవేరలేదు. నెరవేరినవన్నీ నిర్దోషాలు కూడా కావు. 1954లో ఆయన కన్వర్ సేన్‌తో కలిసి చైనా వెళ్ళి, అక్కడి నదీలోయ పథకాలను పరిశీలించి నివేదిక సమర్పించారు. పసుపు నది కరకట్టలను చూసిన ఆ అనుభవం, బీహారులో కోసీ నదికి ఇరువైపులా కట్టలు వేయాలన్న నిర్ణయానికి బలం చేకూర్చింది. నేపాల్‌తో 1954లో కుదిరిన ఒప్పందం మేరకు కోసీ బ్యారేజి కూడా నిర్మాణమైంది. కాని హిమాలయాల నుండి కోసీ మోసుకువచ్చే ఇసుక, ఒండ్రు కట్టల నడుమ పేరుకొని నది గర్భం ఎత్తు పెరిగింది. 2008 ఆగస్టులో నేపాల్‌లోని కుసహా వద్ద కట్ట తెగి, లక్షలాది ప్రజలు నిరాశ్రయులయ్యారు. నదిని అదుపు చేయడం ఒక్కసారి చేసి మరచిపోయే పని కాదు. సరిహద్దుకు అవతల ఉన్న కట్టను కాపాడుకోవడానికి ఇరుదేశాల నిరంతర సహకారం కావాలి.

ఆయన కలలలో పెద్దది గంగా–కావేరి అనుసంధానం. ఉత్తరాన వరదలు, దక్షిణాన కరువు ఒకే సంవత్సరంలో దేశాన్ని పీడించడం చూసి, 1972లో ఆయన ఈ ప్రతిపాదన చేశారు. పాట్నా సమీపంలో గంగ నుండి వరద కాలంలో సుమారు 150 రోజులపాటు 60,000 క్యూసెక్కుల నీటిని తోడి, 2,640 కిలోమీటర్ల పొడవైన కాలువ ద్వారా దక్షిణానికి తేవాలన్నది ఆ పథక స్వరూపం. నీటిని అనేక వందల అడుగుల ఎత్తుకు ఎక్కించడానికి 5,000 నుండి 7,000 మెగావాట్ల విద్యుత్తు అవసరమవుతుందని లెక్క తేలింది. నాటి దేశానికి అది మోయలేని భారం. వ్యయం దృష్ట్యా ప్రభుత్వం దానిని చేపట్టలేదు. అయినా మిగులు ఉన్న నది నుండి లోటు ఉన్న నదికి నీటిని మళ్ళించాలన్న ఆలోచన మరుగున పడిపోలేదు. ఆ దిశగా అధ్యయనం చేయడానికి 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థ ఏర్పడింది. దేశ జలసంపద గురించి ఆయన సమగ్రంగా రచించిన ‘ఇండియాస్ వాటర్ వెల్త్’ అనే ఆంగ్ల గ్రంథం 1975లో వెలువడి, విద్యార్థులకు, ఇంజనీర్లకు కరదీపిక అయింది.

లక్ష్మణరావుగారు 1986 మే 18వ తేదీన కన్నుమూశారు. ఆయన తదనంతరం కూడా ఆయన పేరు కృష్ణమ్మతో ముడిపడే ఉంది. నాగార్జునసాగర్‌కు, ప్రకాశం బ్యారేజికి నడుమ 45.77 టి.ఎం.సి.ల సామర్థ్యంతో నిర్మించిన పులిచింతల ప్రాజెక్టు 2013 డిసెంబరులో జాతికి అంకితమైంది. దానికి డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని నామకరణం చేశారు. ఎగువ నుండి నీరు ఆలస్యమైనా డెల్టాలో నారుమళ్ళు ఎండకుండా ఆదుకోవడమే ఆ జలాశయం ప్రయోజనం. 2015లో పట్టిసీమ వద్ద ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలు కృష్ణను చేరాయి. ఒక నది మిగులుతో మరొక నది లోటును పూడ్చాలన్న ఆయన ఆశయం, ఆయన పుట్టిన సీమలోనే చిన్న రూపంలో సాకారమైంది.

కాలచక్రం తిరిగి, నాగార్జునసాగర్ వద్ద మరొకసారి పాత పరిస్థితి నెలకొంది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడడంతో, శంకుస్థాపన నాటి వలెనే ఆనకట్టకు ఒక ఒడ్డు ఒక రాష్ట్రానికి, మరొక ఒడ్డు మరొక రాష్ట్రానికి చెందాయి. నీటి విడుదలను పర్యవేక్షించడానికి కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఏర్పడింది. 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 టి.ఎం.సి.ల వినియోగానికి అంగీకారం కుదిరింది. అయినా 2023 నవంబరు 30వ తేదీన ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలిచారు. ఇరవై ఆరు గేట్లలో పదమూడు ఒకరి అధీనంలోకి, తక్కినవి మరొకరి అధీనంలోకి వెళ్ళాయి. ఉద్రిక్తతను చల్లార్చడానికి కేంద్ర బలగాలు అక్కడికి చేరుకోవలసి వచ్చింది. 1955లో రెండు రాష్ట్రాలను కలిపిన కట్టడమే 2023లో రెండు రాష్ట్రాల మధ్య ముళ్ళకంచెకు చోటిచ్చింది. రాయి మారలేదు, నది మారలేదు. మారినది పరస్పర విశ్వాసం మాత్రమే.

కె.ఎల్. రావు జీవితం నుండి గ్రహించవలసిన సత్యం ఇదే. ఆనకట్ట వరదను నిలుపుతుంది, కాలువ నీటిని తరలిస్తుంది. ఇరుగుపొరుగుల మధ్య శాంతిని మాత్రం అవి తమంతట తాము నిలపలేవు. అందుకు అందరూ అంగీకరించే కొలత కావాలి. ఆ కొలతను అందరూ చూసే వీలుండాలి. కరువు వచ్చినప్పుడు లోటును కలిసి భరించే ధర్మం కావాలి. తండ్రిని, కంటిచూపును బాల్యంలోనే కోల్పోయిన ఒక పల్లెటూరి బాలుడు జీవితమంతా శ్రమించి ఈ దేశపు నదులను కొలిచాడు, ఆనకట్టలకు రూపమిచ్చాడు. ఆ నీటిని పంచుకొనే సంస్కారాన్ని అలవరచుకోవడం తరువాతి తరాల బాధ్యత. కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు పారే కాలువలో నీరు చివరి తూము వరకు చేరి, శివారు రైతు చేను తడిసిన ప్రతిసారీ ఆ మహనీయుని శ్రమ సార్థకమవుతూనే ఉంటుంది.